క్రోకస్ కావాలా, క్రోకస్ లాంటి పువ్వు కావాలా? తిరుపతి, చిత్తూరు తోటలకు ఏది నప్పుతుంది

మంచు పూర్తిగా కరగకముందే, ఆకులు సరిగా విచ్చుకోకముందే నేలలోంచి నేరుగా లేచిన లేత ఊదా రంగు పువ్వు. క్రోకస్ ఫోటో ఒకసారి చూస్తే తోట పిచ్చి ఉన్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకూ పట్టలేదు. మూడేళ్ల కిందట ఇరవై అయిదు గడ్డలు తెప్పించి, తిరుపతిలో మా మిద్దె మీద పెట్టాను. మూడే పూశాయి. మిగిలిన ఇరవై రెండూ గరికలాంటి సన్నని ఆకులు వేసి, మార్చి ఎండకు వాలిపోయాయి.

అప్పటినుంచి ఎవరు క్రోకస్ గురించి అడిగినా ముందు ఒకటే ప్రశ్న వేస్తున్నాను. మీకు ఆ పేరు కావాలా, బోసి నేలలోంచి ఆకుకంటే ముందు పువ్వు లేచే ఆ దృశ్యం కావాలా? పేరే కావాలంటే ఫ్రిజ్‌లో ఒక అర, ఏటేటా కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. దృశ్యం చాలంటే మన ఎండకు నిద్రపోయి మన జల్లుకు లేచే దుంపలే ఉన్నాయి. వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు.

## ముందుగా తేల్చుకోవలసినవి

గడ్డ దేనికోసం ఎదురు చూస్తోంది? అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. తొలి వసంతంలో పూసే క్రోకస్‌లకు సుమారు 12 నుంచి 14 వారాలపాటు 5 నుంచి 9 డిగ్రీల చలి తగలాలి. అప్పుడుగానీ లోపలి మొగ్గ కాడ సాగి పైకి రాదు. తిరుపతిలో సంక్రాంతి రోజుల్లో కూడా రాత్రి ఉష్ణోగ్రత అంత కిందికి దిగదు. పలమనేరు, కుప్పం వైపు పడమటి మండలాల్లో, 600 మీటర్లకు పైబడిన ఎత్తు వల్ల రాత్రులు కాస్త చల్లగా ఉంటాయిగానీ, అక్కడైనా ఆ లెక్కకు అందదు. ఎక్కడున్నా ఫ్రిజ్ తప్పదు.

పూసిన తరువాత ఏమవుతుంది? దీన్ని చాలామంది అడగరు. క్రోకస్ గడ్డ ఏటా ఖర్చయిపోతుంది. పాత గడ్డ కుంచించుకుపోయి, దాని నెత్తిన కొత్త గడ్డ తయారవుతుంది. ఆ కొత్తది బలపడాలంటే పూల తరువాత కొన్ని వారాలపాటు ఆకులు చల్లని ఎండలో పచ్చగా ఉండాలి. మనకు ఫిబ్రవరి ఆఖరుకే ఎండ ముదురుతుంది. ఆకు పండిపోతుంది, కొత్త గడ్డ శనగగింజంత మిగులుతుంది.

నిద్రపోయే కాలంలో వాన పడుతుందా? మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఏ దుంప ఆ రెండు నెలల్లో నిద్రకు సిద్ధమవుతుందో, ఏది మేలుకొని ఉంటుందో తెలియకపోతే కుళ్లు ఖాయం.

ఇవికాక ఇంట్లో పాకే పిల్లలు, అన్నీ కొరికే కుక్కపిల్ల ఉన్నాయా అన్నది ఒకటి. అమ్మేవాళ్లు చెప్పింది ఎంతవరకు నిజమన్నది మరొకటి.

## ఫ్రిజ్‌లో చలి చూపించిన క్రోకస్

తొలిసారి ప్రయత్నించేవాళ్లకు క్రోకస్ టొమాసినియానస్ మంచిది. బాల్కన్ ప్రాంతపు మొక్క, సన్నని లేత ఊదా మొగ్గలు. క్రోకస్ క్రిసాంథస్ పసుపు, నారింజ రంగుల్లో పూస్తుంది. గ్రీసు కొండల క్రోకస్ సీబెరికి గొంతులో పసుపు వలయం ఉంటుంది. ఈ మూడూ చిన్న గడ్డలే, పూలూ చిన్నవే. అయితే పెద్ద పూల డచ్ రకాలకంటే ముందు పూస్తాయి.

నా పద్ధతి చెబుతాను. సెప్టెంబరు చివర, ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలో సగం ఇసుక, సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) వేసి, గడ్డలను రెండంగుళాల లోతున, మొన పైకి ఉండేలా దగ్గరదగ్గరగా పెడతాను. మట్టి తడి ఉండాలిగానీ పిండితే నీరు రాకూడదు. కుండీని కవరులో పెట్టి, రెండు చిల్లులు పొడిచి, ఫ్రిజ్ కింది అరలో ఉంచుతాను. ఫ్రీజర్‌లో కాదు. జనవరి మొదటివారం దాకా అక్కడే. చీకట్లోనే వేర్లు పడతాయి, తెల్లని మొలక తల ఎత్తుతుంది. తీశాక నేరుగా ఎండలో పెట్టకుండా తూర్పు కిటికీ పక్కన ఉంచితే సంక్రాంతికీ రథసప్తమికీ మధ్య పూస్తాయి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒక్కటే. అదే ఫ్రిజ్‌లో సపోటాలు, అరటిపళ్లు పెట్టాను. పండే కాయలు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. అది తగిలితే గడ్డ లోపలి పూమొగ్గ మాడిపోతుంది. ఆకుకు ఏమీ కాదు కాబట్టి బయటికి అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. తరువాత ఒక గడ్డను నిలువుగా కోసి చూశాను. ఆకుల మధ్య మొగ్గ ఉండవలసిన చోట గోధుమరంగు కాగితం ముక్కలాంటిది ఎండి ఉంది. ఇరవై రెండు గడ్డల కథ అదే.

ఒక్క పువ్వు మా మిద్దె మీద ఒకటిన్నర రోజు నిలిచింది. అదే రకం గడ్డలు నాలుగు పలమనేరులో ఉన్న మా అక్కకు ఇస్తే నాలుగు రోజులు నిలిచిందట. ఆ తేడా రాత్రి చలిదే. రెండో ఏటికి మాత్రం ఇద్దరికీ ఏమీ మిగలలేదు.

## అరుదైన రకాలు, తక్కువ చలితో సరిపెట్టుకునేవి

మధ్యధరా తీరపు తక్కువ ఎత్తుల్లో పుట్టిన కొన్ని జాతులకు చలి అంతగా అవసరం లేదు. గ్రీసు, క్రీట్‌లకు చెందిన క్రోకస్ లేవిగేటస్ శరత్తు చివరినుంచి నడి శీతాకాలం దాకా పూస్తుంది. దక్షిణ గ్రీసుకు చెందిన క్రోకస్ గౌలిమీ శరత్తులోనే. కాగితం మీద చూస్తే మనకు ఇవే దగ్గర. అయితే దొరకడం కష్టం. విదేశం నుంచి తెప్పించాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, మొక్క ఆరోగ్యానికి ధ్రువపత్రం ఉండాలి. టపా కవరులో దాచి పంపించే వ్యవహారం వద్దు. విత్తనం నుంచి పెంచాలంటే తొలి పువ్వుకు మూడు నాలుగేళ్లు, అదీ ఏటా చల్లని శీతాకాలం దొరికితేనే. క్రోకస్‌ల మీద ఏళ్లపాటు కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకు తప్ప ఇది చెప్పను.

## కుంకుమపువ్వు

అందరూ అడిగేది ఇదే. కుంకుమపువ్వు కూడా క్రోకసే, క్రోకస్ సాటివస్. కానీ దీన్ని పై వాటితో కలిపి ఆలోచిస్తే నష్టపోతారు. ఇది వసంతంలో కాదు, శరత్తులో పూస్తుంది. కశ్మీర్‌లోని పాంపోర్‌లో అక్టోబరు, నవంబరు నెలల్లో కోత. దీని పూమొగ్గ తయారయ్యేది వేసవి నిద్రలో, 23 నుంచి 27 డిగ్రీల వెచ్చదనంలో. ఆ తరువాత 17 డిగ్రీల దగ్గరికి వస్తే మొగ్గ పైకి లేస్తుంది. అంటే వేసవిలో దీన్ని ఫ్రిజ్‌లో పెట్టడమంటే మొగ్గను పుట్టకుండా చేయడమే. ఏసీ గదిలో ట్రేలమీద పెంచేవాళ్లు చేసే పనంతా ఈ ఉష్ణోగ్రతల నడకను అనుకరించడమే.

ఆదాయం కోసమైతే ఈ లెక్క చూడండి. ఎండిన కుంకుమపువ్వు ఒక గ్రాముకు సుమారు 150 పూలు కావాలి. ఒక్కో పువ్వుకు మూడే ఎర్రని పోగులు. యాభై గడ్డలు పెట్టి, గడ్డకు సగటున ఒకటిన్నర పువ్వు వచ్చిందనుకుంటే అర గ్రాము. పది గ్రాములకు తగ్గిన చిన్న గడ్డ అసలు పూయకపోవచ్చు. పూశాక గడ్డ మళ్లీ తయారవ్వాలంటే నాలుగైదు నెలల చల్లదనం, వెలుతురు కావాలి. అక్కడే కరెంటు బిల్లు అసలు ముఖం చూపిస్తుంది. ఒకటి రెండు కుండీల్లో సరదాగా పెంచుకుంటే మంచి కాలక్షేపమే. తిరుమల వెళ్లినప్పుడు సొంత పువ్వు అర చిటికెడు పట్టుకెళ్లాలన్న ముచ్చట ఉన్నవాళ్లూ ఉన్నారు, కాదనను.

కుంకుమపువ్వు విత్తనాలు అంటూ పొట్లం కట్టి అమ్మితే కొనకండి. ఈ మొక్కకు విత్తనమే పట్టదు, గడ్డలతోనే పెరుగుతుంది. అలా అమ్మేవి చాలావరకు కుసుమ గింజలు.

## భూచంపకం

ఇప్పుడు నా మనసులో మాట. కెంఫేరియా రొటుండా అనే ఈ మొక్కకు సంస్కృతంలో భూమిచంపకం అని పేరు. ఇంగ్లీషువాళ్లు దీన్ని ఇండియన్ క్రోకస్ అన్నారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆకు ఊసే లేని ఎండు మట్టిలోంచి, మార్చి చివరినుంచి మే లోపు, తెలుపు ఊదా కలిసిన పువ్వు నేలకు ఆనుకొని విచ్చుకుంటుంది. ఇది అల్లం కుటుంబం, క్రోకస్‌కు చుట్టరికమేమీ లేదు. అయినా చూసేవాళ్లకు కలిగే ఆశ్చర్యం మాత్రం అదే. పైగా దీనికి సువాసన ఉంది.

మా కుండీలో మొదటిసారి పూసినప్పుడు ఏప్రిల్ రెండోవారం. ముందురోజు సాయంత్రం కొద్దిపాటి జల్లు పడింది. పొద్దున్నే టొమాటోలకు నీళ్లు పోయడానికి వెళితే, పగుళ్లు తేలిన మట్టి మధ్య గోరంత ఊదా మొన. కాఫీ తాగి వచ్చేసరికి నాలుగు తెల్లని సన్నని రేకులు, కింద రెండుగా చీలిన ఊదా పెదవి. ఎండెక్కాక మెత్తబడింది, సాయంత్రానికి వాలిపోయింది. ఒక పువ్వుకు ఒక్క రోజే ఆయుష్షు. అయితే మర్నాడు పక్కన ఇంకొకటి, ఇలా రెండు వారాలు. పూలయ్యాక ఆకులొస్తాయి. పైన వెండి చారలు, అడుగున వంకాయరంగు, అడుగున్నర ఎత్తు. వానాకాలమంతా ఆకుకోసమే పెంచుకున్నా తప్పు లేదు.

పదంగుళాల కుండీ చాలు. ఎర్రమట్టి, ఇసుక, ఆకు ఎరువు సమపాళ్లలో. దుంప రెండంగుళాల లోతు. ఏప్రిల్ ఎండ నేరుగా పడకూడదు, చెట్టు నీడ లేదా షేడ్ నెట్ కావాలి. నవంబరులో ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడే మన పెద్దవానలు. కుండీని సన్‌షేడ్ కిందికి జరిపితే మేలు. డిసెంబరునుంచి మార్చి దాకా చుక్క నీరు వద్దు.

ఈ మొక్కకు పెద్ద శత్రువు పురుగు కాదు, ఇంట్లోవాళ్లు. నిద్రపోయిన కుండీ ఖాళీ కుండీలాగే కనిపిస్తుంది. రెండో ఏడాది జనవరిలో మా అత్తగారు పాపం ఊరికే పడి ఉందని దానిలో మెంతులు చల్లి, రోజూ శ్రద్ధగా నీళ్లు పోశారు. మెంతికూర బాగా వచ్చింది. దుంపల్లో సగం మెత్తబడి, వాసన వేశాయి. అప్పటినుంచి కుండీ అంచున పుల్ల గుచ్చి పేరు రాసి పెడుతున్నాను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కెంఫేరియా గలాంగా అనే బంధువును ఇదేనని ఇస్తుంటారు. దాని ఆకులు నేలకు పరుచుకొని ఉంటాయి, ఆకుల మధ్యే చిన్న తెల్లపూలు పూస్తాయి. భూచంపకం ఆకు నిటారుగా నిలబడుతుంది, మీద చారలుంటాయి. అందుకే ఆకులున్న జూలై, ఆగస్టు నెలల్లో చూసి కొనడం తెలివైన పని.

## రెయిన్ లిల్లీ

ముందుగా పేరు గొడవ. మన పూల అంగళ్లలో లిల్లీ అంటే దండకట్టే తెల్లని నేలసంపెంగ. అది వేరు. రెయిన్ లిల్లీ అంటే జెఫిరాంథస్. ఇది అమెరికా ఖండాల మొక్కే అయినా ఇప్పుడు ఇక్కడి నర్సరీలన్నిటిలో ఉంటుంది. తెల్లనిది, జెఫిరాంథస్ కాండిడా, పాలగిన్నెలా విచ్చుకుంటే దూరంనుంచి తెల్ల క్రోకసే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి పుప్పొడి కాడలు లెక్కపెడితే గుట్టు తెలుస్తుంది. క్రోకస్‌కు మూడు, దీనికి ఆరు.

గులాబిరంగుది, పసుపుది వేసవి జల్లుకు నాలుగైదు రోజుల్లో పూస్తాయి. రెండు మూడు వారాలు నీళ్లు ఆపి, ఒక్కసారిగా బాగా తడిపితే మనమే వానను నమ్మించవచ్చు. అయినా కుళాయి నీటికి పూసినదానికీ నిజమైన వానకు పూసినదానికీ పొంతన లేదని నా అనుభవం. ఎండ బాగా కావాలి. ఒక క్రోకస్ గడ్డ ఖరీదుకు ఇవి గుప్పెడు వస్తాయి. రెండేళ్లలో ఆ గుప్పెడు కుండీ నిండుతుంది. దుంప చూడటానికి చిన్న ఉల్లిపాయే, తింటే వాంతులవుతాయి. వంటింటి గట్టుమీద పెట్టకండి.

## ఫుట్‌బాల్ లిల్లీ, అడవి నాభి

ఫుట్‌బాల్ లిల్లీ ఆఫ్రికా మొక్క. మే నెలలో ఆకులేని కాడమీద ఎర్రని బంతి లేస్తుంది. ఏటా ఒక దుంపకు ఒకే బంతి, వారం పది రోజులు. తరచూ కుండీ మారిస్తే అలుగుతుంది. దీని దుంప కూడా విషమే.

అడవి నాభి (గ్లోరియోసా) అందమైనదేగానీ, చిన్నపిల్లలున్న ఇంటికి నేను చెప్పను. దానిలోని కొల్చిసిన్ ప్రాణాంతకం. క్రోకస్ పేరుతో చలామణి అయ్యే శరత్ క్రోకస్ అనే కొల్చికం కూడా ఈ నాభి కుటుంబానిదే, అదే విషం. అసలు క్రోకస్‌తో దానికి సంబంధం లేదు. ఆన్‌లైన్‌లో కొల్చికం అని కనిపిస్తే పక్కకు తప్పుకోండి.

శేషాచలం అంచుల్లో వేసవిలో ఆకు లేకుండా పూసే అడవి ఉల్లి వంటివి కనిపిస్తాయి. వాటిని తవ్వి తెచ్చుకుందామన్న ఆలోచన వద్దు. కొండల్లో చాలా భాగం 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. అక్కడ మొక్క పీకడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

## ఒక్క చూపులో

| మొక్క | మేలుకొలిపేది | మన దగ్గర పూసే కాలం | మరుసటి ఏడాది | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| వసంత క్రోకస్ | 12–14 వారాల ఫ్రిజ్ చలి | జనవరి, ఫిబ్రవరి | దాదాపు ఉండదు | పండ్ల ఎథిలీన్, త్వరగా ముదిరే ఎండ |
| కుంకుమపువ్వు | వెచ్చని నిద్ర, తరువాత 17 డిగ్రీలు | అక్టోబరు, నవంబరు, ఏసీ గదిలో | చల్లని గది ఉంటేనే | కరెంటు ఖర్చు |
| భూచంపకం | ఎండు నిద్ర తరువాత తొలి తడి | మార్చి చివర నుంచి మే | పెరుగుతూ పోతుంది | శీతాకాలంలో నీరు పడితే కుళ్లు |
| రెయిన్ లిల్లీ | వాన | మే నుంచి నవంబరు | రెట్టింపు | దుంప విషం |
| ఫుట్‌బాల్ లిల్లీ | వేసవి జల్లు | మే | నిలుస్తుంది | ఏడాదికి ఒక్క పువ్వే |

## ఎవరికి ఏది

తిరుపతిలో అద్దె ఫ్లాటు, బాల్కనీలో నాలుగు గంటల ఎండ ఉంటే రెయిన్ లిల్లీతో మొదలుపెట్టండి. ఇల్లు మారినా కుండీ వెంట వస్తుంది. బాల్కనీ ఉత్తరానికి ఉండి ఎండ పడకపోతే అది మొండికేస్తుంది, అప్పుడు భూచంపకమే.

చిత్తూరు పక్కన సొంత పెరడు, దానిలో ఒక మామిడిచెట్టు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. చెట్టు నీడలో, నీరు నిలవని చోట భూచంపకం నేలలోనే వేయండి. తోతాపురి కాయ ఊరే రోజుల్లో కింద పూలుంటాయి. అయితే వేసవిలో మామిడికి పాదు తవ్వి నీళ్లు కట్టే అలవాటుంటే దుంపలను పాదుకు బాగా ఎడంగా పెట్టాలి.

చిన్నపిల్లలున్న ఇంటికి ఈ పట్టికలో భూచంపకం ఒక్కటే నేను నిశ్చింతగా చెప్పేది. పలమనేరు, కుప్పం వాళ్లు వసంత క్రోకస్‌ను ఒకసారి తప్పక ప్రయత్నించవచ్చు. మాకంటే వారికి పువ్వు రెండు మూడు రోజులు ఎక్కువ నిలుస్తుంది. పిల్లలకు సైన్సు చెప్పే టీచర్లకైతే ఫ్రిజ్ క్రోకస్‌కు మించిన పాఠం లేదు. పది గడ్డలు చలిలో, పది బయట పెట్టి చూపిస్తే చాలు.

కొనడానికి కడియం నర్సరీల నుంచి వచ్చే బండ్లు రెయిన్ లిల్లీకి సరిపోతాయి. ఫుట్‌బాల్ లిల్లీకి, భూచంపకానికి బెంగళూరు వెళ్లే పని పడినప్పుడు లాల్‌బాగ్ పుష్ప ప్రదర్శన రోజులు చూసుకోండి, ఆగస్టులో అయితే ఆకు కూడా చూసి తెచ్చుకోవచ్చు. క్రోకస్ గడ్డ ఆన్‌లైన్‌లో కొంటే రాగానే నొక్కి చూడండి. గట్టిగా ఉండాలి. మెత్తగా ఉన్నా, నీలిబూజు పట్టినా అదే రోజు ఫోటో తీసి తిప్పి పంపండి.

ఇంత చెప్పినా ఈ ఏడాదీ నేను ఆరు టొమాసినియానస్ గడ్డలు తెప్పించకుండా ఉండలేకపోయాను. ఫ్రిజ్ కింది అరలో ఉన్నాయి. సపోటాలు మాత్రం బయట, వెదురు బుట్టలో.